తెల్లపట్టీ లేని జెండా

(ప్లాటినం జూబిలీ సభలో ప్రధానోపాధ్యాయిని ప్రసంగ పాఠం)

 

ఫ్రెంచి విప్లవ పాఠం చెబుతుండగా తొమ్మిదో తరగతి బాలిక ఒకతె లేచి, "1789లో మానవులందరూ స్వతంత్రులని ప్రకటించారు కదా టీచర్‌గారూ, వారి బానిసలకు కూడా అది వర్తించిందా?" అని అడిగింది. పాఠ్యపుస్తకంలో దానికి సమాధానం లేదు. అందువల్లనే నేడు హైతీని గురించి నాలుగు మాటలు చెప్పదలచాను. 1954 వరకు మన యానాంలో ఎగిరిన మూడురంగుల జెండాయే ఒకప్పుడు అక్కడా ఎగిరింది.

అప్పట్లో ఆ వలస రాజ్యం పేరు సాన్ దొమింగ్. ఆఫ్రికా నుండి ఓడలలో తెచ్చినవారూ, వారి సంతతీ కలిసి సుమారు ఐదు లక్షల మంది బానిసలు అక్కడి చెరకు, కాఫీ తోటలలో మ్రగ్గిపోయేవారు. 1791 ఆగస్టులో వారు తిరగబడ్డారు. 1794లో పారిస్ బానిసత్వాన్ని రద్దు చేసింది. అది దయాదానం కాదు. తోటలు తగలబడిన పిమ్మట తప్పనిసరై చేసిన పని. 1802లో నెపోలియన్ సైన్యాన్ని పంపి పాత సంకెళ్లనే మళ్లీ బిగించబోయాడు. ఒకనాటి బానిస, మహా సేనాని తూసాఁ లూవెర్తూర్‌ను వంచనతో బంధించి ఫ్రాన్సుకు తరలించగా, 1803లో ఒక కొండకోట చెరలో ఆయన కన్నుమూశారు. ఆయన సహచరుడు దెసలీన్ ఆ ఏడే ఫ్రెంచి జెండాలోని తెల్లపట్టీని చించివేసి, నీలాన్నీ ఎరుపునూ కలిపి కుట్టించాడని అక్కడి వారు చెప్పుకుంటారు. 1804 జనవరి 1న స్వాతంత్ర్యం ప్రకటించి, దేశానికి ఆదిమవాసుల నాటి హైతీ అనే పేరునే పెట్టుకున్నారు.

కథ అంతటితో ముగిస్తే బాగుండేది. 1825లో ఫ్రాన్సు రాజు పదవ చార్లెస్ యుద్ధనౌకలను పంపి, తోటల యజమానుల నష్టానికి 15 కోట్ల ఫ్రాంకులు చెల్లిస్తేనే మీ స్వాతంత్ర్యాన్ని గుర్తిస్తానన్నాడు. ఆ నష్టంలో బానిసల వెల కూడా ఉంది! అంటే, విముక్తులైనవారు తమ వెలను తామే కట్టాలన్నమాట. తొలి వాయిదాకు 3 కోట్లు అప్పు చేయవలసి వచ్చింది. రుణదాతలు రుసుముల క్రింద ముందే కోసుకొని 2 కోట్ల 40 లక్షలే ముట్టజెప్పారు. మన వైపు వడ్డీవ్యాపారులను ఎరిగినవారికి ఈ పద్ధతి క్రొత్త కాదు. 1838లో మొత్తాన్ని 9 కోట్లకు తగ్గించినా, దానికై చేసిన అప్పులు తీరేసరికి 1947 వచ్చింది. మన దేశం స్వతంత్రమైన సంవత్సరమది. హైతీ పేదరికాన్ని ఆ ప్రజల చేతకానితనంగా మాట్లాడేవారు ఈ లెక్క ఒక్కసారి చూడాలి.

"ఆ డబ్బు తిరిగి ఇచ్చారా?" అని కూడా ఆ పిల్ల అడిగింది. ఇవ్వలేదు. 2025లో ఫ్రాన్సు ఈ విషయం పరిశీలించేందుకు ఇరుదేశాల చరిత్రకారులతో సంఘాన్ని మాత్రం ప్రకటించింది.

ఏటా జనవరి 1న హైతీ ఇళ్లలో గుమ్మడికాయ పులుసు కాస్తారు. ఆ రోజుల్లో వండినవారు తమ పూర్వులే అయినా, దాన్ని రుచి చూసే అనుమతి వారికి ఉండేది కాదట. ఇప్పుడు తెల్లవారగానే ఇంటిల్లిపాదీ త్రాగి, ఇరుగుపొరుగులకు కూడా పంచిపెడతారు.