కట్టడం నేర్పే బడి: కోల్‌కతా చూపిన దారి



“ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు” అని తెలుగువారి సామెత. ఇల్లు కట్టడం కష్టమని అందరికీ తెలుసు. కట్టడం ఎట్లాగో నేర్పడం అంతకన్నా కష్టమైన పని. వాస్తుశిల్పం ఇంజనీరింగులో ఒక శాఖయా, చిత్రలేఖనం వంటి కళయా, లేక తన కాళ్లపై తాను నిలువవలసిన స్వతంత్ర విద్యయా? ఈ ప్రశ్నకు జవాబు వెదకిన నగరాలలో కోల్‌కతాకు ముఖ్యస్థానం ఉంది.

1856 నవంబరులో కలకత్తా రైటర్స్ బిల్డింగ్‌లో సివిల్ ఇంజనీరింగు కళాశాల ఆరంభమైంది. ప్రభుత్వ మరామతు శాఖకు పనివారిని సమకూర్చడం దాని ఆశయం. రోడ్లు, వంతెనలు, కచేరీలు కట్టగలవారు అక్కడ తయారయ్యారు. 1880లో కళాశాల గంగ ఆవలి ఒడ్డున శివపురానికి, పూర్వపు బిషప్స్ కళాశాల ఆవరణకు తరలింది. కాని విష్ణుపురంలో మట్టి ఇటుకలపై కథలు చెక్కిన శిల్పుల విద్యకు ఆ చదువులో చోటు లేకపోయింది. దేశంలో పరంపరగా వచ్చిన నిర్మాణకళ ఇంకా సజీవంగానే ఉందని కలకత్తా ప్రభుత్వ చిత్రకళాశాల అధిపతి హావెల్ పండితుడు వాదించాడు. ఆ వాదనను పాలకులు పెద్దగా పట్టించుకోలేదు.

1905లో వంగ విభజన జరిగింది. మరుసటి సంవత్సరమే ప్రజల విరాళాలతో జాతీయ విద్యా పరిషత్తు ఏర్పడింది. సుబోధచంద్ర మల్లిక్ లక్ష రూపాయలు ఇచ్చాడు. అరవిందుడు జాతీయ కళాశాలకు తొలి అధ్యక్షుడయ్యాడు. సాంకేతిక విద్యకు వేరొక సంస్థ అదే ఏడు వెలసింది. ఈ ప్రయత్నాల నుండే 1955లో జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయం రూపొందింది. త్రిగుణసేన్ దాని తొలి సారథి. వాస్తుశిల్పం కూడా అక్కడి బోధనాంశాలలో తరువాత చేరింది.

ఆ కెరటం ఆంధ్రతీరాన్ని కూడా తాకింది. 1907లో బిపిన్‌చంద్ర పాల్ ఉపన్యాసాలు తెలుగునాట యువకులను కదిలించాయి. 1910లో మచిలీపట్నంలో కోపల్లె హనుమంతరావు పూనికతో ఆంధ్ర జాతీయ కళాశాల నెలకొన్నది. వంగ చిత్రకారుడు ప్రమోదకుమార చటోపాధ్యాయ అక్కడ చిత్రకళ నేర్పాడు.

కట్టడాల రంగంలో ఈ ఆకాంక్షకు గొంతు ఇచ్చినవాడు శ్రీశచంద్ర చటర్జీ. ఆయన ఇంజనీరు. ప్రాచీన నిర్మాణాల పరిశీలనలో ఆయనకు కాలం చాలా గడిచింది. ఆధునిక అవసరాలకు భారతీయ రూపం ఇవ్వవచ్చని ఆయన పట్టుబట్టి ప్రచారం చేశాడు. ఢిల్లీలోని లక్ష్మీనారాయణ మందిరం ఆయన రూపకల్పనే. అన్ని కులాలవారికి ప్రవేశం ఉండాలన్న నియమంపై గాంధీజీ 1939లో దానిని ప్రారంభించాడు. పూర్వరూపాలను అనుకరించడమే స్వతంత్రత కాజాలదని ఆక్షేపించినవారు లేకపోలేదు. ఆ ఆక్షేపణలో కూడా సత్యం ఉంది.

స్వాతంత్ర్యానంతరం, 1949లో, శివపురం కళాశాలలో వాస్తుశిల్ప విభాగం ఏర్పడింది. డిగ్రీ స్థాయిలో ఈ విద్యను ఆరంభించిన తొలి సంస్థలలో అది ఒకటి. 1952లో కాలిఫోర్నియా నుండి జోసెఫ్ అలెన్ స్టైన్ వచ్చి దానికి ఆధిపత్యం వహించాడు. భవనాన్ని నేల నుండి, చెట్టు నుండి, గాలి నుండి వేరు చేయరాదన్నది ఆయన నమ్మకం. పిమ్మట ఆయన ఢిల్లీలో నిర్మించిన ఇండియా ఇంటర్నేషనల్ సెంటరు ఆ నమ్మకానికి సాక్ష్యం. పరదేశి అయినవాడు ఈ దేశపు ఎండనూ నీడనూ గురువులుగా స్వీకరించాడు. స్వదేశీ భావానికి ఇది విరుద్ధం కాదు, దాని పరిణతి అనవచ్చు.

కోల్‌కతా పాత ఇండ్లలో నడుమ ముంగిలి ఉంటుంది, దానికి ఎదుట ఠాకూర్ దాలాన్ ఉంటుంది. ఉత్సవవేళ ఇరుగుపొరుగులందరూ అక్కడ చేరుతారు. కోనసీమ మండువా లోగిలిలోనూ వాన, వెలుగు నడిమింటికే దిగివస్తాయి. భాషలు వేరైనా ఆ రెండిండ్లు కట్టినవారు తీర్చుకొన్న అవసరం ఒక్కటే. ఈ సామ్యాన్ని గుర్తించే చూపును అలవరచడమే వాస్తుశిల్ప పాఠశాల ప్రధాన ధర్మం. కేవలం లెక్కలు నేర్పితే గోడ నిలుస్తుంది. ఆ గోడ ఎవరికోసమో నేర్పకపోతే అందులో మనిషి నిలువడు.

1972లో పార్లమెంటు చేసిన వాస్తుశిల్పుల చట్టం ఈ వృత్తికి ప్రత్యేక ప్రతిపత్తి కల్పించింది. విద్యాప్రమాణాలను నిర్ణయించే మండలి దాని వల్లనే ఏర్పడింది. 2008లో తెలుగునాట హైదరాబాదులో లలితకళలకు, వాస్తుశిల్పానికి ప్రత్యేక విశ్వవిద్యాలయం నెలకొన్నది. అదే సంవత్సరం విజయవాడలో కేంద్ర ప్రభుత్వ ప్రణాళికా వాస్తుశిల్ప విద్యాలయం వెలసింది. నూరేండ్ల కిందట ప్రజలు విరాళాలు పోగుచేసి అడిగిన స్వతంత్ర విద్య నేడు చట్టం అండతో నడుస్తున్నది.

అయితే చట్టం తలుపు తెరవగలదే కాని, లోపల ఏమి నేర్పాలో చెప్పలేదు. గాజు అద్దాల మేడలు ఊరూరా ఒకే ముఖంతో లేస్తున్న ఈ కాలంలో ఆ నిర్ణయం ఉపాధ్యాయులది, విద్యార్థులది. తమ ఊరి ఎండ ఏ దిక్కు నుండి వస్తుందో, వాననీరు ఎటు పారుతుందో, పొరుగువాడు ఎక్కడ కూర్చుంటాడో మొదట చూచి, ఆ తరువాత గీత గీసే విద్యార్థి తయారైననాడు, కోల్‌కతాలో ఆరంభమైన ఆ అన్వేషణ సఫలమైనట్లే.