కన్సల్టెంటు రాకముందు రాసే కాగితం

(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



డిసెంబరు 17 అనగానే మనకు నకారా కేసు గుర్తుకొస్తుంది. పెన్షను ప్రభుత్వం దయతలచి ఇచ్చేది కాదు, ఉద్యోగి హక్కు అని 1982లో ఇదే రోజున సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. దాని గురించి నాకన్న బాగా చెప్పగలవారు ఈ సభలో ఉన్నారు. కార్యదర్శిగారు నాకు వేరే పని పెట్టారు. బజారులో నడవలేకపోతున్నామని గత సమావేశంలో చాలామంది వాపోయారట. "మీరు పురపాలక శాఖలో ఫైళ్లు చూసినవారు కదా, ట్రాఫిక్ ప్లానుకు కన్సల్టెంటును ఎలా పెట్టుకుంటారో చెప్పండి" అన్నారు. నేను ఇంజనీరును కాను. గుమాస్తాగా చేరి, 2009లో సూపరింటెండెంటుగా దిగినవాణ్ణి. నా బల్ల దగ్గర నుంచి కనిపించినంతే చెబుతాను. అందులో నా తప్పు కూడా ఒకటుంది.

బయటి నిపుణుణ్ణి పిలవడం మనకు కొత్త కాదు. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి హైదరాబాదును ముంచింది. మరుసటి సంవత్సరం నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని పిలిపించింది. ఆయన నగరంలో పారే నదిని మాత్రమే చూసి ఊరుకోలేదు. వాన ఎంత పడింది, ఎగువన చెరువులు ఎన్ని, వాటిలో తెగినవి ఎన్ని అని లెక్క తీయించారు. ఆ లెక్క మీదనే ఎగువన జలాశయాలు కట్టాలన్న సలహా నిలిచింది. ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. బజారు రద్దీకీ ఇదే పద్ధతి వర్తిస్తుంది. జనం ఎక్కడి నుంచి వస్తున్నారు, ఎందుకు వస్తున్నారు, ఎలా వస్తున్నారు అన్న లెక్క లేకుండా ఇచ్చే సలహాకు విలువ లేదు.

ఇక మా కాలానికి వస్తాను. 2005లో కేంద్రం జవహర్‌లాల్ నెహ్రూ పేరు మీద పట్టణ పునరుద్ధరణ పథకం ప్రారంభించింది. 2006లో జాతీయ పట్టణ రవాణా విధానం వచ్చింది. మనుషుల రాకపోకలు ముఖ్యం గాని వాహనాలవి కాదన్నది అందులో ప్రధాన సూత్రం. ఆ రోజుల్లో ఎన్నో ఊళ్లు రవాణా ప్రణాళికల కోసం కన్సల్టెంట్లను వెతికాయి.

పద్ధతి ఇది. ముందు పని పరిధి పత్రం రాయాలి. ఏ వీధులు, ఏ సర్వేలు, ఎన్ని నెలలు, ఏ నివేదికలు అన్నీ అందులో ఉండాలి. తర్వాత ప్రకటన. వచ్చిన సంస్థలు సాంకేతిక కవరు, ధర కవరు విడివిడిగా ఇస్తాయి. తక్కువ ధరకే ఇచ్చేయడం ఒక పద్ధతి. నాణ్యతకు, ధరకు కలిపి మార్కులు వేయడం మరొకటి. ఉదాహరణకు నాణ్యతకు 70, ధరకు 30 పాళ్లు అనుకోండి. మొదటి సంస్థకు సాంకేతిక మార్కులు 85, ధర 40 లక్షలు. రెండవదానికి 70 మార్కులు, ధర 30 లక్షలు. ధర మార్కుల్లో తక్కువ కోట్ చేసినవారికి 100, రెండోవారికి 75 వస్తాయి. పాళ్లు కడితే మొదటి సంస్థకు 82, రెండవదానికి 79. పది లక్షలు ఎక్కువైనా మొదటి సంస్థకే పని దక్కుతుంది. ఆడిట్‌వారికి జవాబు చెప్పగలిగితే ఇదే మంచి పద్ధతి. కాని ఎంత మంచి సంస్థ వచ్చినా మనం అడిగిన పనే చేస్తుంది. అడగనిది చేయదు.

నా తప్పు అక్కడే జరిగింది. ఊరి పేరు, ఆఫీసు పేరు వద్దు. 2007లో బజారు ప్రాంతపు ట్రాఫిక్ ప్లానుకు పని పరిధి పత్రం సోమవారానికల్లా పెట్టమన్నారు. అది శుక్రవారం సాయంత్రం. బీరువాలో ఒక బైపాస్ రోడ్డు పాత ఫైలు ఉంది. అందులోని డ్రాఫ్టు తీసి, ఊరి పేరు, వీధుల పేర్లు మార్చి పుటప్ చేశాను. మార్పులు లేకుండానే సంతకాలయ్యాయి. త్వరగా ముగించానని మెచ్చుకున్నారు కూడా.

దానికి జతపరిచిన లెక్కింపు పట్టీలో కారు, జీపు, లారీ, బస్సు, స్కూటరు, ఆటో, సైకిలు, ఎడ్లబండి అన్నిటికీ గళ్లున్నాయి. నడిచే మనిషికి గడి లేదు. బైపాస్ మీద ఎవరు నడుస్తారు కనుక! పైగా ట్రాఫిక్ లెక్కల్లో కారును ఒకటిగా పెట్టుకుని మిగతా వాహనాలను కొలుస్తారు. బస్సు రెండు మూడు కార్లకు సమానం. రోడ్డు మీద అది ఆక్రమించే చోటుకు ఆ లెక్క. లోపల యాభై మంది ఉన్నారన్నది అందులో కనిపించదు. కాలినడక మనిషికి అంకే లేదు.

సర్వేకు వచ్చిన కుర్రాడు, కొత్తగా ఉద్యోగంలో చేరిన ఇంజనీరు, ఒక మధ్యాహ్నం నా బల్ల దగ్గరికి వచ్చాడు. "సార్, మార్కెట్ దగ్గర బండ్ల కన్నా మనుషులే ఎక్కువున్నారు. వాళ్లనూ లెక్కపెట్టమంటారా?" అని అడిగాడు. "పత్రంలో లేని పని చేస్తే బిల్లు దగ్గర అభ్యంతరం వస్తుంది బాబూ, ఉన్నది చెయ్యి" అన్నాను. అతను తలూపి వెళ్లిపోయాడు.

నివేదిక చక్కటి అట్టతో వచ్చింది. రోడ్డు మధ్యలో ఇనుప కంచె, దాటే సందులు మూసివేత, బస్ స్టాపు మార్కెట్ దగ్గర నుంచి దూరంగా మార్పు, మెట్ల వంతెన. వాహనాల లెక్క ప్రకారం అన్నీ సబబే. కంచె, బస్ స్టాపు మార్పు అమలయ్యాయి. వంతెనకు నిధులు రాలేదు.

రిటైరైన తర్వాత ఒక నవంబరులో లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వడానికి అదే బజారుకు బ్యాంకు పని మీద వెళ్లాను. కంచె ఇవతల మా ఆఫీసు అటెండరుగారి భార్య నిలబడి ఉంది. ఆయన పోయి రెండేళ్లయింది. చేతిలో కర్ర, సంచిలో కాగితాలు. బ్యాంకు ఎదురుగా కనిపిస్తూనే ఉంది. దాటాలంటే చౌరస్తా దాకా నడిచి మళ్లీ వెనక్కి రావాలి. "బాబుగారూ, ఈ కంచె ఎవరు పెట్టించారండీ? మాలాంటోళ్లు గుర్తుకు రాలేదా?" అంది. ఆవిణ్ణి ఆటో ఎక్కించి అవతలికి తీసుకెళ్లాను. ఆమె అడిగినదానికి మాత్రం జవాబు చెప్పలేకపోయాను. ఈ రోజు సభాముఖంగా చెబుతున్నాను.

అందువల్ల మన ఊళ్లోనూ ఇటువంటి ప్రకటన వస్తే, నివేదిక వచ్చేదాకా ఆగకండి. పని పరిధి పత్రం దశలోనే మన సంఘం తరఫున అర్జీ పెట్టాలి. నడిచేవారిని లెక్కపెట్టమనాలి, రోడ్డు ఎక్కడ దాటుతున్నారో గుర్తించమనాలి. సిగ్నల్ లెక్కల్లో మనిషి సెకనుకు 1.2 మీటర్లు నడుస్తాడని సాధారణంగా వేసుకుంటారు. 18 మీటర్ల రోడ్డుకు 15 సెకన్లు చాలు. సెకనుకు 0.8 మీటర్లు నడిచే మన మోకాళ్లకు 22 సెకన్లు దాటుతుంది. ఆ తేడా కాగితం మీదకు రావాలి. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2012లో సవరించిన మార్గదర్శకాల ప్రకారం కాలిబాటకు అడ్డులేని కనీస వెడల్పు 1.8 మీటర్లు, ఎత్తు 150 మిల్లీమీటర్లకు మించరాదు. ఈ అంకెలు అర్జీలో రాస్తే ఎవరూ తేలిగ్గా పక్కన పెట్టలేరు. ముసాయిదా నివేదిక తెలుగులో చదివి వినిపించాకే చివరి వాయిదా సొమ్ము చెల్లించాలన్న షరతు కూడా కోరాలి.

ఆఖరుగా ఒక మనవి. వచ్చే నెల ఒక పనిదినాన ఉదయం 9 నుంచి 11 వరకు మార్కెట్ చౌరస్తాలో మనమే నిలబడి, రోడ్డు దాటేవారిని లెక్క వేద్దాం. అరవై దాటినవారికి, పిల్లలను ఎత్తుకున్నవారికి, కర్రతో నడిచేవారికి వేరు వేరు గళ్లు ఉంటాయి. పట్టీ నేనే గీసి తెచ్చాను, కార్యదర్శిగారి దగ్గర ఉంది. మొదటి పేరు నాదే రాశాను. ఎండకు గొడుగు, కూర్చోవడానికి స్టూలు తెచ్చుకుంటే చాలు.