గృహవ్యయము – ఋణభారము

(మహాసభయందు చేసిన యుపన్యాసము)



ఈ సభలో విద్యాభివృద్ధిని గూర్చి మాటలాడుమని కార్యదర్శిగారు నన్ను కోరిరి. నేను వారిని బ్రతిమాలి విషయమును మార్పించుకొంటిని. ముప్పదియైదు సంవత్సరములు విభక్తులును సమాసములును చెప్పినవాఁడను. ధనమును గూర్చి చెప్పుటకు నాకేమి యధికారమని మీరడుగవచ్చును. ఆ యధికారము శాస్త్రమువలనఁ గాక మా యింట జరిగిన యొక కష్టమువలన నాకుఁ గలిగినది. దానిని కొంతసేపటికి విన్నవించెదను.

మన వైశ్యుల దుకాణములలో పూర్వము లెక్క యెట్లుండెడిదో పెద్దలకు నేను చెప్పనక్కఱలేదు, పిల్లలకొఱకు చెప్పుచున్నాను. క్రొత్త చిట్టా తెఱచునాఁడు మొదటి పుటకు పసుపుకుంకుమలు పెట్టి, తలకట్టున శ్రీకారము వ్రాసెడివారు. ధాన్యము కొలుచునపుడు ‘ఒకటి’ యనక ‘లాభము’ అని మొదలుపెట్టెడివారు. రాత్రి దుకాణము కట్టుటకు ముందు జమయు, ఖర్చును, నిలువయు సరిపోవలెను. నాలుగణాలు తేడా వచ్చినచో మా తాతగారు భోజనమునకు లేచెడివారు కారు. మా నాయనమ్మ యన్నము మరల వేఁడిచేసెడిది. ఆ నాలుగణాలకొఱకు కాల్చిన కిరసనాయిలు వెల యెనిమిదణాలని మా నాయనగారు నవ్వెడివారు. నవ్విననేమి? ఆ యింటిలో ఎవరికెంత ఇయ్యవలెనో, ఎవరినుండి యెంత రావలెనో ఆవర్జా విప్పినచో పదేండ్ల పిల్లవానికిని తెలియును. అప్పులు లేని యిల్లు కాదది. దాచిన యప్పులు లేని యిల్లు.

ఇప్పు డీ యమీరుపేట కూడలినుండి పంజాగుట్ట మీఁదుగా బంజారాకొండ మొదటి రోడ్డు వఱకు ఒకసారి నడచి చూడుఁడు. ఉప్పును, ధాన్యమును ఎద్దులపై మోసికొని దేశములు తిరిగిన బంజారాల పేరు ఆ రాతికొండకు నిలిచినది. నేఁడా దారి పొడవునను బంగారు దుకాణములు, పట్టుచీరల అంగళ్లు, ఫోనుల అంగళ్లు. ప్రతిదాని గుమ్మమునందును ‘సొమ్ము ఇప్పుడక్కఱలేదు, వాయిదాలలో ఈయవచ్చును’ అను పలుకే. అమీరుపేట సందులలో కంప్యూటరు విద్య నేర్చుకొనవచ్చిన యువకునకు ఉద్యోగము దొరకిన నెలలోనే ఫోను మ్రోగును: ‘అయ్యా, మీకు క్రెడిటుకార్డు మంజూరైనది’ అని. అడిగినవాఁడెవఁడును లేఁడు, మంజూరు మాత్రమైనది! అప్పుచేసి పప్పుకూడు తినువానిని మన పెద్దలు పరిహసించిరి. పప్పుకూడు నేఁడు అప్పులేకయే దొరకుచున్నది. అప్పు పోయి ఫోనుమీఁదను, టీవీమీఁదను, విహారయాత్రమీఁదను పడినది.

కౌటిల్యుఁడు తన యర్థశాస్త్రమున వడ్డీకి మేరలు చెప్పెను. నూఱు పణములకు నెలకు ఒకటింబాతిక పణము ధర్మ్యము. వ్యాపారమునకై పుచ్చుకొనువాఁడు ఐదు పణముల వఱకును, అడవిదారులఁబోవు వర్తకుఁడు పదియు, సముద్రయానము చేయువాఁడు ఇరువదియు ఈయవచ్చును. దొంగలవలనను, తుపానులవలనను సొమ్ము మునుఁగు భయ మెంతయో వడ్డీ యంత. నేఁటి క్రెడిటుకార్డు బాకీమీఁది వడ్డీ పలుచోట్ల నెలకు నూటికి మూఁడున్నర రూపాయలు. అనఁగా ఇంటి ఖర్చునకు ధర్మ్యమని కౌటిల్యుఁడు చెప్పినదానికి దాదాపు మూఁడింతలు. పంజాగుట్టలో చొక్కా కొనుటకై మెట్రో రైలెక్కినవాఁడు అడవి దాఁటుటలేదు. సముద్రము దాఁటుట లేదు. అయినను వర్తకుని వడ్డీకి దగ్గఱగా నిచ్చుచున్నాఁడు.

లెక్క వేసి చూతము. గడువులోపల మొత్తము చెల్లించువానికి వడ్డీ లేదు. ఆ మాట నిజమే. చెల్లింపలేక ఒక లక్ష రూపాయలు నిలిచిపోయినవనుకొనుఁడు. నెల వడ్డీ 3,500 రూపాయలు. ఆ వడ్డీమీఁద నూటికి 18 వంతున జి.యస్.టి. 630 రూపాయలు. వెరసి 4,130. బ్యాంకువారు ‘కనీసము ఇంత చెల్లించిన చాలును’ అని చీటీలో వ్రాయుదురు. అది నూటికి ఐదు వంతున 5,000 అనుకొందము. మనవాఁడు 5,000 కట్టి, ఈ నెల గండము గడచినదని నిట్టూర్చును. అసలులో తగ్గినది 870 రూపాయలు మాత్రమే! ఏమియుఁ గట్టక యూరకున్నచో పదునెనిమిదవ నెలలో బాకీ రెండింతలు దాఁటును. ఆలస్యపు జరిమానాలు దీనికిఁ జేరనే లేదు. మన స్మృతికర్తలు ఒక కట్టుబాటు చేసిరి: వడ్డీ యెంత పెరిగినను ఒక్కసారి వసూలు చేయునపుడు అసలునకు మించరాదు. దీనినే న్యాయస్థానములలో ‘దామ్‌దుపట్’ అనిరి; బొంబాయి రాజధానిలో హిందువుల ఋణముల విషయమున నింగ్లీషువారు సయితము దీనిని పాటించిరి. నేఁటి కార్డుబాకీకి ఆ గట్టు లేదు.

ప్రభుత్వము చూచుకొనును, న్యాయస్థానము కాపాడును అని యూరకుండువారు కొందఱు. వారికొక మాట. సాలునకు నూటికి 30 మించిన కార్డువడ్డీ అన్యాయమని జాతీయ వినియోగదారుల కమిషను 2008లో తీర్పు చెప్పెను. బ్యాంకులు పై న్యాయస్థానమున కేఁగినవి. 2024 డిసెంబరు 20వ తేదీని సుప్రీముకోర్టు ఆ తీర్పును కొట్టివేసెను. వడ్డీ యెక్కువైనదన్న కారణముచేత బ్యాంకుల ఋణములను న్యాయస్థానములు తిరిగి విచారింపరాదని 1984లోనే బ్యాంకుల చట్టమున నొక సెక్షను చేర్చిరి. ‘సున్న వడ్డీ’ వాయిదాల సంగతి యందురా? అట్టి వస్తువే లేదని 2013లో రిజర్వు బ్యాంకు బ్యాంకులకు స్పష్టముగా వ్రాసెను. వడ్డీ వెలలోనో, వదలుకొన్న తగ్గింపులోనో దాఁగియుండును. వర్తకులైన మీకు తెలియనిదా ఇది? అమ్మువైపున నిలిచినపుడు తెలిసినది కొనువైపునకు వచ్చునప్పటికి మఱచుచున్నాము.

ఫోనులోని ‘యాప్’ అప్పుల గోల 2020వ సంవత్సరమున మన నగరమును కలఁచివైచినది. ఐదువేలు అడిగినవానికి ముందే కొంత కోసికొని మిగిలినది చేతఁబెట్టి, ఏడు దినములలో మొత్తము తెమ్మని, తేనిచో వాని ఫోనులోని బంధుమిత్రుల కెల్లరకు నవమానకరములగు సందేశములు పంపిరి. తెలంగాణమున కొందఱు ప్రాణములు తీసికొనిరి. డిసెంబరు నెలలో పోలీసులు పలువురిని పట్టుకొనిరి. 2022 సెప్టెంబరున రిజర్వు బ్యాంకు నియమములు చేసి, ఋణము నేరుగా పుచ్చుకొనువాని ఖాతాకే చేరవలెననియు, అన్ని ఖర్చులతోఁగూడిన వడ్డీ ముందే చూపవలెననియు శాసించినది. మంచిదే.

ముందే కోసికొనుట క్రొత్తవిద్య కాదు. ఈ హైదరాబాదులోనే రెండువందల యేండ్ల క్రిందట విలియం పామరు కంపెనీ యని యొక వడ్డీవ్యాపారసంస్థ యుండెను. నిజాముప్రభుత్వమునకే అప్పులిచ్చుచుండెను. పేష్కారు చందూలాల్ పుచ్చుకొనుచుండెను. ప్రభువు లెక్క యడిగెడివాఁడు కాఁడు. 1820లో అఱువది లక్షల ఋణమొకటి వ్రాసిరి. తరువాత రెసిడెంటుగా వచ్చిన చార్లెస్ మెట్‌కాఫ్ లెక్కలు తీయింపఁగా, అందు ఎనిమిది లక్షలు ఖజానాకు చేరనే లేదనియు, కంపెనీవారికి బహుమానముగాఁ బోయెననియు తేలినది. తుదకు ఆ బాకీ తీర్చుటకై ఉత్తరసర్కారుల నిమిత్తము ఇంగ్లీషువారు సాలుసాలునకు నిజామున కిచ్చుచుండిన ఏడు లక్షల పేష్కషును ఒక కోటి పదునాఱు లక్షల చిల్లరకు శాశ్వతముగ వదలుకొనవలసి వచ్చినది. పుచ్చుకొన్నవాఁడొకఁడు, పోఁగొట్టుకొన్నవాఁడొకఁడు, నడుమ లెక్క చదివినవాఁడు లేఁడు. ఒక సంస్థానము గతి యిది. మూఁడు గదుల యింటి గతి వేఱుగా నుండునా?

ఇఁక మా యింటి సంగతి. నా కుమారుని యనుమతితో చెప్పుచున్నాను. వాఁడీ సభలోనే వెనుక వరుసలోఁ గూర్చుండియున్నాఁడు.

మాదాపురములో వానికి మంచి యుద్యోగమే. నెలకు 92,000 రూపాయలు చేతికి వచ్చును. ఐదేండ్ల క్రిందట మా చిన్నమ్మాయి వివాహమైనది. నాలుగువందలమందితో దేవాలయమునఁ జేయుదమని వాఁడనెను. నే నొప్పుకొనలేదు. ‘ఊరందఱి పెండ్లిండ్లలో నేను తింటిని; నా బిడ్డ పెండ్లికి పిలువకున్న నా మొగమెట్లు చూపుదును?’ అంటిని. పండ్రెండువందల విస్తళ్లు లేచినవి. వాఁడు ‘సరే నాన్నగారూ’ అని యూరకుండెను. సొమ్మెక్కడనుండి వచ్చినదని నేనడుగలేదు. పాఠశాలలో పిల్లవాఁడు కొత్త కలము తెచ్చినచో ఎక్కడిదని యడిగిన నేను, ఇంట లక్షలు ఖర్చగుచుండఁగా అడుగలేదు.

రెండేండ్లు గడచినవి. ఒకనాఁడు మా కోడలు ఒక చీటీ తెచ్చి నా ముందుంచెను. మనుమని పాఠశాలనుండి, రెండు విడతల రుసుము చెల్లలేదని. ‘మామయ్యగారూ, ఆయన కట్టితినని చెప్పినారు’ అనుచు నామె కన్నీరు పెట్టుకొనెను. ఆ రాత్రి వానిని కూర్చుండఁబెట్టితిమి. అర్ధరాత్రి దాఁటినతరువాత నిజము వచ్చినది. నాలుగు కార్డులు, రెండు వ్యక్తిగత ఋణములు. ఒక కార్డు బాకీ మఱియొక కార్డుతోఁ దీర్చుట. మొత్తము 11,60,000. నెలవాయిదాలు 61,000. నేను కోపించి యేదో యనఁబోవునంతలో మా గృహిణి నన్నే యడిగెను: ‘ముప్పదియేండ్లు ఉప్పుపప్పుల లెక్క నన్నడిగితిరి. మీ లెక్క నాకెన్నఁడైనఁ జెప్పితిరా? వాఁడు మీ వద్దనే నేర్చుకొన్నాఁడు.’ నా వద్ద సమాధానము లేకపోయినది. నేఁటికిని లేదు.

మఱునాఁడాదివారము. ఒక పాత నోటుపుస్తకము తీసి, ‘శ్రీ’ వ్రాసి, ప్రతి బాకీయు దాని వడ్డీరేటును వరుసగా వ్రాసితిమి, అధికమైన వడ్డీ పైనుండునట్లు. ఘట్‌కేసరు ప్రక్కన నేను కొన్న చిన్న స్థలము అమ్మి కార్డులు నాలుగు తీర్చితిమి. మూఁటిని వెంటనే రద్దుచేయించితిమి. నా పింఛనులో సగము చేర్చి మిగిలిన ఋణములు 26 నెలలలోఁ దీర్చితిమి. ఆ 26 నెలలలో క్రొత్త బట్టలు పిల్లవానికొక్కనికే. కష్టమైనదేది యందురా? సొమ్ము కాదు, మొదటి నెల లెక్క కోడలియెదుట పైకిఁ జదువుట. మా వాని గొంతు పెగలలేదు. రెండవ నెల కొంత నయము. ఇప్పుడు ప్రతి నెల మొదటి యాదివారమున మా పండ్రెండేండ్ల మనుమఁడే చదువును. ‘తాతగారూ, మీ కండ్లజోడు వెల యింతయేల?’ అని పోయిన నెల నన్ను నిలువఁదీసెను. చెప్పుకొనవలసివచ్చినది.

పోషకమహాశయులకు చేతులు జోడించి యొక మనవి. మీరు పండ్రెండువందల విస్తళ్లు వేయఁగలరు, మీకు తగును. కాని మీ పందిరి చూచి వచ్చినవాఁడు తన పందిరికి కొలత మీవద్దనే తీసికొనుచున్నాఁడు. విందులకు ఇన్ని వంటకములే యుండవలెనని తీర్మానములు చేయుటయందు నాకు నమ్మకము లేదు. అట్టి తీర్మానములు అచ్చుకెక్కి, విస్తరి కెక్కవు. మీలో ఇద్దఱు ముగ్గురు ఈ సంవత్సరము మీ యింటి శుభకార్యమును చిన్నదిగాఁ జేసి చూపినచో మధ్యతరగతివాఁడు ధైర్యముగా చిన్నపందిరి వేయును. లోకులేమందురను భయము వానికి పోవును. ఈ మాటలో అపరాధమున్నచో నా వయస్సును చూచి క్షమింపుఁడు. సంఘపు విద్యార్థివేతనముల నిధికి మీరిచ్చుచున్న ద్రవ్యము గొప్పది. దానిలోఁ గొంత భాగమును, అధికవడ్డీ ఋణమునఁ జిక్కిన కుటుంబములకు స్వల్పవడ్డీకి బదులిచ్చుటకు కేటాయింపఁదగునేమో కార్యవర్గము వారు యోచింపఁ బ్రార్థించుచున్నాను. పుచ్చుకొనువాఁడు భార్యతోఁగూడి వచ్చి, ఇంటి బాకీల లెక్కయంతయుఁ జూపవలెనను షరతు మాత్రము తప్పక యుండవలెను.

భోజనవిరామమున ఈ మండపమునకు కుడివైపున నున్న గదిలో నేను కూర్చుందును. నోటుపుస్తకమును, కలమును తెచ్చికొంటిని. బాకీల వరుస వ్రాయించుకొనఁగోరువారు రావచ్చును. పేరు చెప్పనక్కఱలేదు. మా వాఁడును నాతోఁ గూర్చుండును. వడ్డీలెక్క వేయుటలో నాకంటె వాఁడే యిప్పుడు త్వరితుఁడు.