నీట్ మళ్లీ రాయించాలా? ఇంటిల్లిపాదీ కూర్చుని తేల్చుకోవలసిన మాట

(విద్యార్థుల అభినందన సభలో మా విద్యా బృందం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



కోవిల్‌పట్టిలోనైనా, విరుదునగరంలోనైనా నీట్ ఫలితం వచ్చిందంటే మన ఇళ్లల్లో ఒకటే మాట: “ఇంకో ఏడు రాయిద్దామా, వచ్చినదాంట్లో చేర్చేద్దామా?” దీనికి అందరికీ ఒకే జవాబు లేదు. పడుగులో పోగు తెగితే ఎక్కడ తెగిందో చూసుకునే కదా అతుకుతాం. ఇదీ అంతే.

మొదట మార్కు కాదు, ర్యాంకు చూడండి. 2024లో 720కి 720 తెచ్చుకున్నవాళ్లున్నారు. 2025లో పేపరు కష్టంగా వచ్చి, దేశంలో మొదటి ర్యాంకుకే 686. అందుకే పక్కింటి అబ్బాయి పోయినేటి మార్కుతో మన పిల్ల మార్కును పోల్చొద్దు. రాష్ట్ర జాబితాలో, మన కేటగిరీలో, చివరి సీటు ఏ ర్యాంకు దాకా వెళ్లిందో చూడాలి.

ఆరో తరగతి నుంచి ప్లస్ టూ దాకా ప్రభుత్వ బడిలోనే చదివినవాళ్లకు 2020 చట్టం ప్రకారం 7.5 శాతం సీట్లున్నాయి. వాళ్ల జాబితా వేరు, ఫీజు ప్రభుత్వమే భరిస్తుంది. మళ్లీ రాసినా ఈ హక్కు పోదు. ఎయిడెడ్ బడిలో చదివినవాళ్లకు మాత్రం ఇది వర్తించదు. విరుదునగరంలో 2022లో ప్రభుత్వ వైద్య కళాశాల తెరిచారు, సంతోషమే. కానీ ఊళ్లో కాలేజీ ఉందని ఊరి పిల్లలకు వేరే సీట్లు లేవు.

రెండోది, మార్కు ఎక్కడ పోయింది? 180 ప్రశ్నల్లో సగం, అంటే 90, బయాలజీవే. ఫిజిక్స్, కెమిస్ట్రీ చెరి 45. ఒప్పుకు నాలుగు, తప్పుకు ఒకటి కోత. తెలియక గుడ్డిగా పెట్టినవి 30 తప్పయితే 30 మార్కులు పోయినట్టే. అలా పోయినవీ, టైము చాలక వదిలేసినవీ ఒక ఏడు సాధనతో చక్కబడతాయి. మూడు సబ్జెక్టుల్లోనూ పునాదే లేకపోతే, అదే పుస్తకం అదే తీరుగా మళ్లీ చదివితే ఫలితం మారదు.

మూడోది ఖర్చు. కోచింగు, హాస్టలు, పుస్తకాలు అన్నీ కాగితం మీద వేసుకోండి. మగ్గం తాకట్టు పెట్టో, చెల్లెలి చదువు ఆపో రాయించే పరీక్ష వద్దు. కొడుక్కయితే ఇంకో ఏడు, కూతురికయితే పెళ్లి అనే లెక్కా వద్దు.

ఈలోపు అప్లికేషన్లు ఆపకండి. అర్హత వచ్చినవాళ్లు కౌన్సెలింగుకు పెట్టాల్సిందే. బీడీఎస్, సిద్ధ కోర్సులకూ నీట్ ర్యాంకే. పాళయంకోటలో ప్రభుత్వ సిద్ధ కళాశాల ఉంది. పశువైద్యం రాష్ట్ర సీట్లకూ, బీఎస్సీ నర్సింగుకూ ప్లస్ టూ మార్కులే చాలు. సీటు తీసుకుని మానేస్తే కట్టవలసిన మొత్తమెంతో చేరకముందే చదవండి. ఈ ఏటి నీట్ ర్యాంకు వచ్చే ఏడు ఇక్కడి సీటుకు పనికిరాదనీ గుర్తుంచుకోండి.

నీట్‌ను ఎన్నిసార్లయినా రాయొచ్చు, పై వయసు హద్దు కూడా లేదు. కనుక హద్దు మనమే పెట్టుకోవాలి. “ఒక్క ఏడు. తర్వాత వచ్చినదాంట్లో చేరతాం” అని ముందే అనుకుంటే పిల్లల గుండె మీద బరువు తగ్గుతుంది.

అన్నిటికన్నా ముందు బిడ్డను అడగండి. “నాకు చాలు నాన్నా” అంటే వినండి. అన్నం మానేసినా, నిద్ర లేకున్నా, మాట తగ్గించినా 104కు ఫోన్ చేయండి, పక్కనే కూర్చోండి. సీటు మళ్లీ వస్తుంది. బిడ్డ రాదు.

మార్కుల షీటు, సర్టిఫికెట్లు పట్టుకుని రండి. ఏ ఇంటి లెక్క ఆ ఇంటిదే, కలిసి కూర్చుని వేద్దాం.