ముసలితనానికి లొంగని గొంతులు
(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



"వృద్ధాప్యంలో ఉత్సాహం" గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. మితాహారం, పొద్దుటి నడక, దైవచింతన గురించి మనం ప్రతి సభలోనూ వింటున్నాము. అవి అవసరమే. ఈసారి పాటగాళ్ల గురించి చెబుతాను.

ఇంగ్లండులో మిక్ జాగర్ అనే గాయకుడున్నాడు. 1943లో పుట్టాడు. 1962లో రోలింగ్ స్టోన్స్ బృందంతో వేదికెక్కి, పెద్దల మాట వినని కుర్రకారుకు నాయకుడైనాడు. నలభై అయిదేళ్లు వచ్చాక కూడా ఆ పాత పాటలే పాడడం కంటే చావడం మేలని, ముప్పై దాటిన కొత్తలో అన్నాడు. 2019లో గుండె కవాటం మార్చారు. మూడు నెలలు తిరగకుండానే మళ్లీ వేదిక మీద గంతులు వేశాడు. 2024లో, ఎనభై ఏళ్ల వయసులో, అమెరికాలో ఊరూరా పాడాడు. ఆ యాత్రకు ప్రాయోజకులెవరో తెలుసా? 1958లో ఒక విశ్రాంత ప్రధానోపాధ్యాయురాలు స్థాపించిన, అచ్చంగా మనవంటి రిటైరైన వారి సంఘం!

నవ్వకండి. అందులో మనకొక ప్రశ్న ఉన్నది. ఎనభై ఏళ్లకు గంతులు వేయడం ఆరోగ్యం. కాని తిరుగుబాటు అంటే అదేనా? జుట్టుకు రంగు వేసి, పాత పాటనే పాడితే యవ్వనం నిలుస్తుందా?

దీనికి జవాబు మన దగ్గరే ఉన్నది. తూప్రాన్‌లో పుట్టిన గుమ్మడి విఠల్‌రావు, మన గద్దర్, మన ఈడువాడే, మనలాగే గుమస్తా. కెనరా బ్యాంకులో ఉద్యోగం. 1984లో రాజీనామా చేశాడు. ఆ రోజుల్లో బ్యాంకు ఉద్యోగమంటే పిల్లనిచ్చేవారు ఇంటి ముందు వరుస కట్టేవారు! మనం సర్వీసు పుస్తకంలో ఇంక్రిమెంట్లు లెక్కబెట్టుకుంటుంటే, ఆయన గొంగడి భుజాన వేసి, కాళ్లకు గజ్జె కట్టి ఊళ్లు తిరిగాడు.

అప్పటి మన ప్రాంతం సంగతి పిల్లలకు తెలియదు. 1978లో జగిత్యాలలో రైతుకూలీల జైత్రయాత్ర జరిగింది. అదే ఏడాది జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించారు. మన ముస్తాబాద్ సిరిసిల్ల తాలూకాలోనిదే. ఆ కాలంలో ఆ పాటలు గట్టిగా పాడాలంటే ముందు తలుపు వేసుకోవాలి. ఆయన మార్గంతో మీరు ఏకీభవించనక్కర లేదు. నేనూ అన్నింటికీ తలూపేవాణ్ణి కాదు. నేను చెప్పేది ఆయన ముసలితనం గురించి.

1997 ఏప్రిల్ 6న ఆయనపై కాల్పులు జరిగాయి. ఒక తూటా చివరిదాకా ఒంట్లోనే ఉండిపోయింది. ఆ ఒంటితోనే తెలంగాణ ఉద్యమంలో ఆడాడు, పాడాడు. దశాబ్దాలపాటు ఎన్నికలు వద్దన్న మనిషి 2018లో మొదటిసారి ఓటు వేశాడు. మెచ్చుకున్నవారున్నారు, నొచ్చుకున్నవారున్నారు. కాని ఆ వయసులో తన పాత మాటను తానే ప్రశ్నించుకోవడానికి ఎంత గుండె కావాలి! నా దృష్టిలో అది యవ్వనం. 2023 ఆగస్టు 6న కన్నుమూశాడు. ఒకప్పుడు సినిమా పాటకు వచ్చిన నంది అవార్డు వద్దన్నాడు. ఆ అవార్డుల స్థానంలోనే 2025లో ప్రభుత్వం గద్దర్ పేరిట అవార్డులు ఇచ్చింది.

గొంతు లేనివారి సంగతేమిటని అడుగుతారేమో. ఈ డిసెంబరు 17 ఎవరి వల్ల పండుగైందో గుర్తు చేసుకోండి. డి.ఎస్. నకారా 1972లో రిటైరైన కేంద్ర ప్రభుత్వ అధికారి. 31-3-1979 నుంచి రిటైరైన వారికే మెరుగైన పెన్షన్ అన్నారు. ఆయన ఇంట్లో కూర్చుని సణగలేదు. సుప్రీంకోర్టుకు వెళ్లాడు. 1982 డిసెంబరు 17న అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం పెన్షన్ దయాభిక్ష కాదని, హక్కు అని తీర్పు చెప్పింది. గజ్జె కట్టలేదు, పాట పాడలేదు. ఒక కాగితంతో తిరగబడ్డాడు. కాగితం పని మనకు రానిదా?

నిరుడు బకాయిల కోసం ధర్నాకు పోతానంటే మా పెద్దబ్బాయి, "బాపూ, ఈ వయసుల నీకెందుకే?" అన్నాడు. ప్రేమతోనే అన్నాడు. ప్రతి ఇంట్లోనూ ఆ మాట ఉంటుంది. దానికి తలవంచిన రోజే మనం నిజంగా ముసలివాళ్లం. "ఈ వయసుల నాకు కాక ఎవలకురా? పనికి పోయేది లేదు, పై అధికారి భయం లేదు" అని చెప్పి బస్సెక్కాను. నాతో వచ్చినవారిలో ఇద్దరు ఈ రోజు లేరు. వారి బకాయిలు ఇంకా ఉన్నాయి. వారి భార్యలు ఈ సభలోనే కూర్చున్నారు.

కాబట్టి నా మనవి ఒక్కటే. మందులు వేళకు వేసుకోండి, నడవండి. దానితోపాటు నెలకొక దరఖాస్తు రాయండి. మీది కాకుంటే పక్కింటి వితంతువుది రాయండి. మన చేతిలో ఉన్న వాయిద్యం అదే.