ఠాణా ముందా, శిశుశాల ముందా?

(పలాస సభలో చేసిన ఉపన్యాసము)



టెక్కలిలో గాని పలాసలో గాని ఒక యింట దొంగలు పడిన మరునాడే, ఠాణా కావలెనని అర్జీ వ్రాయుటకు పదిమంది పెద్దలు చేరుదురు. తల్లి జీడిపిక్కల కార్ఖానాకు పోయిన వెనుక ఆమె మూడేండ్ల బిడ్డ నెవరు చూచుచున్నారని అడుగుటకు ఒక్కరును రారు. ఈ రెండింటికిని సంబంధము కలదని మేమన్నచో, "పేదల బిడ్డలందరు దొంగలగుదురందురా?" యని కొందరు కోపింతురు.

ఆ కోపము న్యాయమైనదే. పుట్టుకనుబట్టి నేరస్థుని నిర్ణయించిన చట్టమును ఈ దేశమెరుగును. 1871 నాటి నేరస్థజాతుల చట్టము 1911లో మద్రాసు రాజధానికిని వచ్చెను. బాపట్ల చేరువ స్టూవర్టుపురమున ఎరుకలవారిని సెటిల్‌మెంటులో నుంచి సాల్వేషన్ ఆర్మీ కప్పగించిరి. బిడ్డలను తల్లిదండ్రులనుండి విడదీయుటకు సైతము ఆ చట్టము అధికారమిచ్చెను. 1952లో రద్దయ్యెను గాని, అది వేసిన మచ్చ తరములు వెంటాడెను. మేము కోరునది దానికి విరుద్ధము. బిడ్డను తల్లినుండి లాగుకొనుట కాదు, తల్లికి తోడు నిలుచుట.

అమెరికాలో మిచిగన్ రాష్ట్రమునందలి ఇప్సిలాంటి పట్టణమున 1962లో ఒక పరీక్ష ఆరంభమైనది. 123 మంది పేద నల్లజాతి బిడ్డలను రెండు వర్గములు చేసి, ఒక వర్గమునకు మూడు నాలుగేండ్ల ప్రాయమున మంచి బడిని, ఇండ్లకు వచ్చి తల్లులతో మాటలాడు ఉపాధ్యాయినులను ఏర్పరచిరి. నలుబదియేండ్ల వయసునాటికి అయిదుమారులు గాని అంతకుమించి గాని అరెస్టయినవారు బడికి వెళ్లినవారిలో నూటికి 36, వెళ్లనివారిలో 55. చిన్న పరీక్షయే, దానితో సర్వమును తేలిపోయినదని మేమనము. లాఠీ మాత్రము ఏనాడు లెక్క చూపినది?

ఇక మన సంగతి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఉద్దానపు కొబ్బరిని, జీడిని కూల్చినది. మూత్రపిండముల జబ్బు ఎన్నో యిండ్ల సంపాదనపరులను మంచము పట్టించినది. తండ్రులు వలసపోవుచున్నారు. ఇది నేరస్థుల సీమ కాదు, కష్టజీవుల సీమ. కష్టజీవి బిడ్డకే కావలి కరవైనది.

అంగన్‌వాడీలు లేవా యందురు. 1975 అక్టోబరు 2న 33 బ్లాకులలో మొదలైన పథకము నేడు ఊరూర నున్నది. మనమో, దానిని గ్రుడ్లు పంచు చోటుగనే యెంచుచున్నాము. అచట బిడ్డకు మాటయు ఆటయు నేర్పుచున్నారా యని అడిగిన పెద్దమనిషిని మేము చూడలేదు.

కార్ఖానాల మాట. 1948 నాటి చట్టము 50 మందికి మించి, 1976 సవరణ 30 మందికి మించి స్త్రీలు పనిచేయుచోట ఆరేండ్లలోపు బిడ్డలకు గది యుండవలెనని శాసించెను. పలాస కాశీబుగ్గలలో జీడిసొన చేతుల కంటుచుండ పప్పు తీయు తల్లుల బిడ్డలకు అట్టి గదులెన్ని? యజమానులు ఈ సభలోనే యున్నారు గనుక వారినే అడుగుచున్నాము. చిన్న కార్ఖానా ఒంటరిగా మోయలేదందురా, నాలుగు కలిసి ఒకటి పెట్టుడు. స్థలము కొరకు పురపాలక సంఘమువారికి వ్రాయు అర్జీలో మొదటి సంతకము మేము చేయుదుము.