సుగ్గికి పోయే కాలంలో బడి బెంచీలు
(జయంతి సభలో తండా యువతను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)



 వెనక నిలబడి ఒక కన్ను సెల్‌ఫోన్ మీద, ఒక చెవి మా మీద పెట్టిన తమ్ముళ్లకు, చెల్లెళ్లకు పెద్ద నమస్కారం. ఎందుకంటే ఈ రోజు మేము చెప్పబోయేది మీకే.

మేమంటే ఎవరం? ఆదోని, ఎమ్మిగనూరు చుట్టుపక్కల తండాల్లో పుట్టి, సిస్టర్లు నడిపే క్యాథలిక్ ప్రాథమిక పాఠశాలలో పలక పట్టుకుని, ఇవాళ ఇదే ప్రాంతంలో చిన్న పిల్లలకు పాఠాలు చెప్పుకుని బతుకుతున్న వాళ్లం. మాలో కొందరు ప్రభుత్వ బళ్లలో ఉన్నాం, కొందరు ప్రైవేటు బళ్లలో ఉన్నాం. అందరం మాట్లాడుకుని ఈ ప్రసంగం రాసుకున్నాం. అందుకే ‘నేను’ అనకుండా ‘మేము’ అంటున్నాం.

సంత్ సేవాలాల్ మహారాజ్ 1739 ఫిబ్రవరి 15న గుత్తి ప్రాంతంలో పుట్టినాడని మనం జయంతి చేసుకుంటాం. ఆ గుత్తి మనకు దూరం కాదు. ఆ రోజుల్లో మన పెద్దలు ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని ఊరూరా తిరిగినారు. అది వ్యాపారం. ఇప్పుడు కూడా మనం తిరుగుతున్నాం. కానీ మన దగ్గర ఎద్దులు లేవు, సరుకు లేదు. రెక్కలు మాత్రమే ఉన్నాయి. ఈ తిరుగుడు పేరే సుగ్గి.

సుగ్గి అంటే ఈ సభలో ఎవరికీ వివరించనక్కరలేదు. కన్నడంలో అది పంట చేతికొచ్చే కాలానికి పేరు, సంబరాల మాట. మన పడమటి కర్నూలులో మాత్రం ఇంటికి తాళం వేసి పోవడానికి పేరైంది. వానలు లేక పంట పోతే, ఉల్లికి, పత్తికి ధర రాకపోతే, దసరా దాటగానే మూటాముల్లె కట్టుకుంటాం. పత్తి తీయడానికి తెలంగాణకు, మిరపకాయలు కోయడానికి గుంటూరు, పల్నాడు వైపుకు, కట్టుబడి పనులకు బెంగళూరుకు పోతాం. కోసిగి, కౌతాళం, పెద్దకడుబూరు, మంత్రాలయం మండలాల్లో ఆ నెలల్లో వీధులకు వీధులే ఖాళీ అవుతాయి. ముసలివాళ్లు, కుక్కలు మిగులుతారు. బడిలో బెంచీలు మిగులుతాయి.

ఆ బెంచీల గురించే మా మాట.

ముందు మా చదువు ఎట్లా మొదలైందో చెప్తాం. మన ప్రాంతం మాటల సంత. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడే వరకూ ఆదోని, ఆలూరు తాలూకాలు బళ్లారి జిల్లాలో ఉండేవి. అందుకే ఇప్పటికీ ఒకే తరగతిలో తెలుగు, కన్నడం, ఉర్దూ, మన గోర్ బోలి నాలుగూ వినపడతాయి. మాలో ఒకరు ఒకటో తరగతిలో చేరిన కొత్తలో టీచరమ్మ నీళ్ల బొమ్మ చూపించి ‘ఇదేంటి?’ అని అడిగింది. మావాడు లేచి గట్టిగా ‘పాణి’ అన్నాడు. తరగతంతా నవ్వింది. ‘తప్పు, నీళ్లు అనాల’ అంది టీచరమ్మ. రొట్టె బొమ్మ చూపిస్తే ‘బాటి’ అన్నాడు. మళ్లీ తప్పు. మూడో బొమ్మ ఇల్లు. ‘ఘర్’ అనే మాట నోటిదాకా వచ్చింది, కానీ వాడు నోరు తెరవలేదు. ఆ తరువాత ఏడాది పొడుగునా తెరవలేదు. మూడూ తెలిసిన పిల్లవాడు ఏమీ తెలియని పిల్లవాడుగా లెక్కలోకి పోయినాడు.

ఆ టీచరమ్మను తిట్టడానికి ఇది చెప్పడం లేదు. ఆమెకు మన భాష ఉందనే తెలియదు, ఎవరూ చెప్పలేదు. మరుసటి ఏడు వచ్చిన ఒక సిస్టరు మాత్రం మా యాడీని బడికి పిలిపించి, నోటుబుక్కు తెరిచి, ‘అమ్మా, మీ మాటలు నాకు ఒక ఇరవై చెప్పండి’ అని అడిగింది. నీళ్లు, అన్నం, ఆకలి, జ్వరం, అమ్మ, రా, కూర్చో... ఇట్లాంటివే. మరునాడు ఆమె ‘పాణి అంటే నీళ్లు, నీళ్లంటే పాణి’ అని రెండూ నల్లబల్ల మీద తెలుగు అక్షరాల్లో రాసింది. మావాడు నోరు తెరిచినాడు. ఇవాళ మన మధ్య కూర్చుని ఈ ప్రసంగం రాసిన వాళ్లలో వాడొకడు.

ఈ సంగతిని ప్రభుత్వం కూడా గుర్తించింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004 ప్రాంతంలో ఎనిమిది గిరిజన భాషల్లో మాతృభాషా విద్య మొదలుపెట్టినారు. సవర, కువి, కొండ, కోయ, గోండి, కొలామి, ఆదివాసీ ఒరియాతో పాటు మన బంజారా భాష కూడా అందులో ఉంది. 2020 జాతీయ విద్యా విధానం వీలైనంత వరకు కనీసం ఐదో తరగతి దాకా ఇంటి భాషలో చెప్పమంది. కాగితం మీద ఉన్నది తరగతిలోకి రావాలంటే గోర్ బోలి వచ్చిన టీచర్లు కావాలి. డీఎస్సీకి చదువుతున్న చెల్లెళ్లూ, తమ్ముళ్లూ, ఆ టీచర్లు మీరే.

ఇక మా బడిలో మాకు బాగా గుర్తుండిపోయింది సోమవారం వార్తలు. ప్రార్థన అయినాక పేపరులోని రెండు వార్తలు ఐదో తరగతి వాళ్లు చదివేవాళ్లు. ఆ తరువాత ‘మీ ఊరి వార్త చెప్పండి’ అని సిస్టరు అడిగేది. ఒకడు ‘మా తండాలో బోరు ఎండిపోయింది’ అనేవాడు. ఇంకొకతె ‘మా మేక రెండు పిల్లలు వేసింది’ అనేది. ఎమ్మిగనూరు మగ్గాల ఇంటి పిల్ల ‘మా నాయనకు నూలు రాలేదు’ అనేది. ఒక రోజు ఒక పాప ‘మా యాడీ మూట కడుతోంది’ అంది. మేము నవ్వినాం. సిస్టరు నవ్వలేదు. ఆ సాయంత్రమే ఆ పాప తండాకు పోయింది.

అప్పుడు మాకు అర్థం కాలేదు. టీచర్లమైనాక తెలిసింది. పిల్లలు చెప్పే వార్తల్లో నుంచి ఏ బెంచీ ఎప్పుడు ఖాళీ కాబోతోందో ఆమె ముందే పట్టుకునేది. మూట కట్టకముందు మాట్లాడితే అవ్వ దగ్గర వదలడానికో, బోర్డింగులో పెట్టడానికో తల్లిదండ్రులు ఒప్పుకోవచ్చు. లారీ ఎక్కినాక మాట్లాడడానికి ఎవరూ ఉండరు.

నాలుగు నెలలు పోతే ఏమవుతుందో మా తరగతుల్లో చూస్తున్నాం. అక్టోబరుకు గుణింతాలు చదివే పిల్ల మార్చిలో తిరిగొచ్చి ‘క’ దగ్గర ఆగిపోతుంది. తీసివేతలు చేసిన పిల్లవాడికి చింతపిక్కలతో మళ్లీ కూడికలు నేర్పాల్సి వస్తుంది. పక్కవాళ్లు ముందుకు పోయింటారు. వీడికి సిగ్గు. రెండు సుగ్గిలకు చదువు వెనకబడుతుంది, మూడో సుగ్గికి వాడే ‘నేనూ కోతకు వస్తా’ అంటాడు. బడి మానేసినాడని రిజిస్టరులో రాస్తారు కానీ, వాడు ఒక్క రోజులో మానలేదు.

శ్రావణంలో మన ఆడపిల్లలు తీజ్ బుట్టల్లో గోధుమలు చల్లి తొమ్మిది రోజులు నీళ్లు పోస్తారు. నాలుగో రోజు నీళ్లు ఆపి, ఎనిమిదో రోజు వచ్చి మొలక ఎందుకు వాడిందని అడుగుతామా? చదువు కూడా అంతే.

2011 జనగణన ప్రకారం ఉమ్మడి రాష్ట్రంలో అక్షరాస్యత 67 శాతం. కర్నూలు జిల్లాలో సుమారు 60 శాతం. గిరిజనుల్లో 49 శాతం. ఈ మూడు అంకెల మధ్య ఉన్న మెట్లను చూడండి. మనం కింది మెట్టు మీద ఉన్నాం.

కొందరు పెద్దలు మమ్మల్ని ఒక ప్రశ్న అడుగుతారు. ‘క్యాథలిక్ బడిలో వేస్తే పిల్లలు మన దేవుళ్లను, మన ఆచారాన్ని మరిచిపోరా?’ అని. అడగాల్సిన ప్రశ్నే. మేము ఉదయం బడిలో ప్రార్థనలో నిలబడినాం, సాయంత్రం తండాలో సేవాలాల్ భోగ్‌లో కూర్చున్నాం. మమ్మల్ని మార్చింది ప్రార్థన కాదు, సిగ్గు. పేరు చివర ‘నాయక్’ చెప్పడానికి, యాడీ పేటియా వేసుకుని బడికొస్తే ఆమె పక్కన నడవడానికి సిగ్గుపడినాం. ఆ సిగ్గు ఏ బడిలోనైనా రావచ్చు. దాన్ని పోగొట్టాల్సింది ఇల్లు, తండా, ఇట్లాంటి సభలు.

ఆ బళ్లు మన వెనకబడిన జిల్లాలో పేదల గడపదాకా వచ్చిన మాట కూడా నిజం. కర్నూలు క్యాథలిక్ మేత్రాసనం 1967లో ఏర్పడింది. ఆ మేత్రాసనానికి 2008 నుంచి బిషప్‌గా పనిచేసిన పూల ఆంథోనీ గారు మన పాత కర్నూలు జిల్లాలోని పోలూరులో పేద దళిత కుటుంబంలో పుట్టినారు. 2022లో ఆయన కార్డినల్ అయినారు. తెలుగువాళ్లలో ఆ స్థానం అందుకున్న మొదటివారు ఆయనే. మతం ఏదైనా కానీ, పేద పిల్లవాడి చదువు ఆగకపోతే ఎంత దూరం పోతుందో చూపడానికే ఆయన పేరు చెప్పినాం.

ఇప్పుడు చట్టం మాట. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ల పిల్లలందరికీ ఉచిత విద్య హక్కు అంటుంది. మైనారిటీ బళ్లకు ఆ చట్టం వర్తించదని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి సిస్టర్ల బడిలో సీటు వాళ్ల దయ, మన ప్రయత్నం. ప్రభుత్వ బడిలో సీటు మాత్రం మన హక్కు. సంవత్సరం మధ్యలో వచ్చినా చేర్చుకోవాలి. టీసీ ఆలస్యమైందని తిప్పి పంపకూడదు. వయసుకు తగిన తరగతిలో కూర్చోబెట్టి, వెనకబడిన పాఠాలకు ప్రత్యేక శిక్షణ ఇవ్వాలి. పిల్లల్ని వెంట తీసుకుని పోక తప్పకపోతే, పోయిన చోట బడిలో చేర్చే హక్కు కూడా ఉందన్నమాట. ఈ సంగతి మేస్త్రీ చెప్పడు. మీరు చెప్పాలి.

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, మిమ్మల్ని డబ్బులు అడగడం లేదు. నాలుగు పనులు అడుగుతున్నాం.

మొదటిది, ప్రతి తండాకు ఒక వాట్సాప్ గ్రూపు ఉంది. అందులో పుట్టినరోజు ఫొటోలు, సినిమా ముక్కలు పెడుతున్నారు. పెట్టండి. వారానికి ఒక్కసారి, సోమవారం, మా బడిలో లాగా తండా వార్త కూడా పెట్టండి. ఎవరింట్లో మూట కడుతున్నారు, ఎందరు పిల్లలు, ఏ తరగతి? ఆ వార్త టీచరుకు అందాలి.

రెండోది, వలస పోయేవాళ్ల పిల్లల కోసం సీజనల్ హాస్టళ్లు పెడతారు. పేర్లు ముందే ఇస్తే సకాలంలో తెరిపించమని గట్టిగా అడగొచ్చు. దసరాకు ముందే జాబితా రాసి, హెడ్మాస్టరుకు, మండల విద్యాధికారికి ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి.

మూడోది, సాయంత్రం ఒక గంట గుడి అరుగు మీద పిల్లల్ని కూర్చోబెట్టండి. ఇంటర్ చదివినవాళ్లు చాలు. పాఠం గోర్ బోలిలో చెప్పి, తెలుగులో రాయించండి. ఐదో తరగతి పిల్లలను ఏకలవ్య పాఠశాలల్లో ఆరో తరగతి ప్రవేశ పరీక్షకు తయారు చేయండి.

నాలుగోది అన్నిటికన్నా కష్టం. మీ ఇంట్లోనే మాట్లాడండి. ‘చెల్లెలిని వదిలి పోండి, నేను చూసుకుంటా’ అని యాడీతో, బాపుతో చెప్పండి. ఆడపిల్లను వదిలి పోవడానికి వాళ్లకు భయం. ఆ భయం తప్పు కాదు. ఆమె ఎక్కడ పడుకుంటుంది, ఎవరు వండుతారు, జ్వరమొస్తే ఎవరు చూస్తారు అని అడుగుతారు. ఈ మూడింటికీ జవాబు తయారుగా పెట్టుకుని మాట్లాడండి.

చివరగా ఒక మాట. ఈ ఏడు మాలో ఒకరి తరగతిలో మూడో బెంచీలో ఒక పాప ఉంది. చక్కగా చదువుతుంది. కిందటి సుగ్గికి పోయి, తిరిగొచ్చి, పోయిన పాఠాలన్నీ పట్టుదలగా మళ్లీ నేర్చుకుంది. మొన్న సోమవారం వార్తలు అడిగితే లేచి, ‘మా ఇంట్లో ఇంకా ఏమీ అనుకోలేదు’ అని కూర్చుంది. అదీ వార్తే. ఇంకా ఏమీ అనుకోని ఇళ్లు మన తండాల్లో ఎన్నో ఉన్నాయి. వాళ్లు ఒక నిర్ణయానికి వచ్చేలోపు మీరు ఆ గడపల దగ్గరికి పోవాలి. మేము ఆ బెంచీ వైపు చూస్తూ ఉంటాం.

జై సేవాలాల్!